నమూనా విమానాలు – కంటి శుక్లాలు



మధుమేహం, రక్తపోటు, మోకాళ్ళ నొప్పుల గురించి వ్రాసిన వ్యాసాలు చదివి, "పదవీ విరమణ తరువాత మీ కాలక్షేపం ఏమిటి డాక్టరుగారూ?" అని మీలో కొందరు అడుగుతున్నారు. ఉదయపు నడక, పత్రికాపఠనం అందరికీ ఉన్నవే. వాటికి తోడు నాకొక వ్యాపకం ఉన్నది. ప్లాస్టిక్ ముక్కలతో పాతకాలపు యుద్ధవిమానాల నమూనాలు తయారుచేస్తాను. డెబ్బయ్యేళ్ళు దాటిన మనిషి బొమ్మ విమానాలతో ఆడుకోవడమేమిటని నవ్వుకుంటే నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ బల్ల ముందు కూర్చున్నందువల్లనే నా కళ్ళ గురించి, శుక్లాల ఆపరేషన్ గురించి నేను ఎంతో ఆలోచించవలసి వచ్చింది. ఆ ఆలోచన మీలో చాలామందికి ఉపయోగపడుతుందని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఆవగింజంత పని

ముందుగా ఈ వ్యాపకం ఏమిటో చెబుతాను. ఒక పెట్టెలో విమానపు భాగాలు ప్లాస్టిక్ చట్రాలకు అంటుకొని వస్తాయి. వాటిని కత్తిరించి, నునుపు చేసి, అతికించి, రంగులు వేయాలి. బ్రిటన్‌కు చెందిన ఎయిర్‌ఫిక్స్, జపాన్‌కు చెందిన టమియా, హసెగావా వంటి సంస్థలు ఈ పెట్టెలు తయారుచేస్తాయి. అసలు విమానంలో 72వ వంతు, 48వ వంతు, 32వ వంతు అనేవి ప్రసిద్ధమైన కొలతలు. స్పిట్‌ఫైర్ విమానపు రెక్కల వెడల్పు 11.23 మీటర్లు. 72వ వంతు నమూనాలో అది సుమారు 156 మిల్లీమీటర్లు, అనగా అరచేతిలో ఇమిడిపోతుంది.

పెట్టెలోని భాగాలకు ఒక పరిమితి ఉన్నది. కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి నెట్టి తీసిన ముక్క మరీ పలుచగా రాదు. 1 మిల్లీమీటరు మందం ఉన్న ప్లాస్టిక్ రేకు, 72వ వంతు లెక్కలో 7 సెంటీమీటర్ల దళసరి గోడ అవుతుంది. నిజమైన విమానపు రేకు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. అందుచేత పెట్టెలో వచ్చిన కుర్చీ మందంగా ఉంటుంది, పట్టీలు ఉండవు, కాక్‌పిట్ మీది అద్దపు కప్పు సీసా అడుగులా కనిపిస్తుంది. ఈ లోటు తీర్చడానికి వేరే సంస్థలు విడిగా భాగాలు తయారుచేసి అమ్ముతాయి. కారు కొన్నవారు బయటి దుకాణంలో సీటు కవర్లు, అదనపు దీపాలు బిగించుకోరా? ఇదీ అటువంటిదే. వీటిని ఆఫ్టర్‌మార్కెట్ పార్ట్స్ అంటారు.

ఇవి నాలుగైదు రకాలు. మొదటివి పలుచని ఇత్తడి రేకు మీద ఛాయాచిత్ర పద్ధతిలో బొమ్మను ముద్రించి, అక్కరలేని లోహాన్ని రసాయనంతో తినిపించి తీసిన భాగాలు. పైలట్ నడుముకు, భుజాలకు కట్టుకొనే పట్టీలు, మీటర్ల పలక, చిన్న చిన్న మీటలు ఇలా వస్తాయి. చెక్ దేశానికి చెందిన ఎడ్వర్డ్ సంస్థ వీటికి ప్రసిద్ధి. రెండవవి రెజిన్‌తో పోతపోసిన కుర్చీలు, చక్రాలు, పొగగొట్టాలు. మూడవవి వేడిచేసిన పలుచని ప్లాస్టిక్ పొరను అచ్చు మీదికి గాలి లాగి దించిన అద్దపు కప్పులు. నాలుగవవి లేతు మీద తీసిన ఇత్తడి తుపాకి గొట్టాలు. ఇవి కాక ముద్రలు, అంకెలు అతికించడానికి నీళ్ళలో నానబెట్టే డెకాళ్ళు ఉంటాయి.

ఇప్పుడు లెక్క చూడండి. పైలట్ పట్టీ వెడల్పు సుమారు 5 సెంటీమీటర్లు. 72వ వంతులో 0.7 మిల్లీమీటరు. ఎనిమిది సెంటీమీటర్ల మీటరు డయల్ నమూనాలో 1 మిల్లీమీటరు కంటె కొంచెమే ఎక్కువ, అంటే ఆవగింజంత. ఆ ఇత్తడి పట్టీని సన్నని ఫోర్సెప్స్‌తో పట్టుకొని, మంట మీద క్షణకాలం చూపి మెత్తబరచి, కుర్చీ మీద సహజంగా పడినట్టు వంచి, సూది మొనతో జిగురు తాకించాలి. చేయి కన్నును నమ్ముకొని కదులుతుంది. కన్ను మసకబారితే చేయి ఎంత నేర్పరి అయినా చేయగలిగింది లేదు.

అబిడ్స్, నాంపల్లి వీథులలో

ఈ ప్రత్యేక భాగాలు అబిడ్స్‌లో దొరకవు. విదేశాల నుంచి పార్సిలులో వస్తాయి, లేదా అక్కడ ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు తెస్తారు. అయినా ఈ వ్యాపకానికి కావలసిన మిగతా సరంజామా అంతా మా నాంపల్లి ఇంటికి నడకదూరంలోనే ఉన్నది. ట్రూప్ బజార్‌లో వాటర్ పేపరు, సన్నని ఆకురాళ్ళు, రాగి తీగె దొరుకుతాయి. కోఠిలోని సర్జికల్ దుకాణాలలో 3వ నంబరు పిడి, 11వ నంబరు బ్లేడు కొంటాను. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజులలో గడ్డ కోసి చీము తీసిన మొనదేలిన బ్లేడు అదే. ఇప్పుడు ప్లాస్టిక్ అంచులు చెక్కుతున్నది.

ఆదివారంనాడు అబిడ్స్ కాలిబాట మీద పరచే పాత పుస్తకాల సంగతి మీకు తెలిసినదే. మూసిన దుకాణాల ముందు గుట్టలుగా పోసిన వైద్యగ్రంథాలు, ఇంజనీరింగు గైడ్లు, నవలల మధ్య ఒక్కొక్కసారి విమానాల బొమ్మల పుస్తకం తగులుతుంది. కోఠిలో వైద్యవిద్యార్థిగా ఉన్నప్పటి నుంచి నాకు ఈ ఆదివారపు అలవాటు ఉన్నది. ఒక పాత పుస్తకంలోని కాక్‌పిట్ ఛాయాచిత్రం ఒక్కటి చాలు, ఏ పట్టీ ఎక్కడ బిగించాలో తెలియడానికి.

నేను తయారుచేసే విమానాలకు, మన నగరానికి సంబంధం ఉన్నది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ వైమానిక దళానికి డి.హెచ్.9ఎ విమానాలు విరాళంగా ఇచ్చాడు. వాటితో 1918లో ఫ్రాన్సుకు వెళ్ళిన 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు వచ్చింది. ఆ స్క్వాడ్రన్ విమానం ఒకటి నేటికీ లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కూ, 253వ స్క్వాడ్రన్‌కూ హైదరాబాద్ పేరు పెట్టారు. 152వ స్క్వాడ్రన్ 1940లో స్పిట్‌ఫైర్లతో ఇంగ్లండ్ దక్షిణతీరాన్ని కాపాడింది, తరువాత బర్మా యుద్ధరంగానికి వచ్చింది. ఆ దళం అధికారిక చిహ్నంలో ఉన్నది నిజాం ధరించే తలపాగా. ఆ విరాళాల వెనుక తెలంగాణ రైతు చెల్లించిన శిస్తు ఉన్నదని కూడా మనం మరువరాదు. వేళ్ళమీద నిలిచే ఆ విమానాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ రెండూ జ్ఞాపకం వస్తాయి.

స్పిట్‌ఫైర్ రూపకర్త జీవితం వైద్యునిగా నన్ను మరింత ఆకర్షించింది. ఆయన పేరు ఆర్.జె. మిచెల్. 1933లో ఆయనకు మలాశయపు క్యాన్సరు ఉన్నట్టు తేలింది. పెద్ద శస్త్రచికిత్స చేసి, పొట్ట మీద మలం బయటకు వచ్చే మార్గం అమర్చారు. ఆ స్థితిలో ఆయన విమానం నడపడం నేర్చుకొని 1934లో లైసెన్సు పొందాడు, రూపకల్పన కొనసాగించాడు. 1936 మార్చి 5న స్పిట్‌ఫైర్ మొదటిసారి ఎగిరింది. 1937 జూన్‌లో, 42 ఏళ్ళ వయస్సులో ఆయన మరణించాడు. తన విమానం యుద్ధంలో ఏం చేసిందో ఆయన చూడలేదు. ఆయన కాలంలో లేని పరీక్షలు నేడు మనకున్నవి. మలంలో రక్తం కనిపిస్తే మొలలే అని మీకు మీరే నిర్ణయించుకొని లేపనాలు పూసుకుంటూ కూర్చోవద్దు. మలవిసర్జన అలవాటు మారినా, కారణం తెలియకుండా రక్తహీనత వచ్చినా, బరువు తగ్గినా తప్పక పరీక్ష చేయించుకోండి.

రంగు చెప్పిన నిజం

ఇక అసలు విషయం. 1940 నాటి స్పిట్‌ఫైర్ అడుగుభాగానికి "స్కై" అనే రంగు వేస్తారు. ఆకుపచ్చ, నీలం కలిసిన లేత రంగు, బాతుగుడ్డు పెంకును పోలి ఉంటుంది. కొన్నేళ్ళ క్రితం ఒక నమూనాకు ఆ రంగు వేసి ఆరబెట్టిన తరువాత, అది గడ్డి రంగులో కనిపించింది. వెంటనే కుడికన్ను మూసి ఎడమకన్నుతో చూశాను. లేత ఆకుపచ్చ. ఎడమకన్ను మూసి కుడికన్నుతో చూశాను. ఎండుగడ్డి. రంగు డబ్బాలో దోషం లేదు. నా కుడికంటి లోపలి లెన్స్ పసుపుబారింది.

కంటిపాప వెనుక ఒక పారదర్శకమైన లెన్స్ ఉంటుంది. వయస్సుతోపాటు అందులోని మాంసకృత్తులు మారి మసకబారతాయి. దానినే శుక్లం అంటాము. పల్లెల్లో కంటి పొర అంటారు. లెన్స్ నడిమిభాగం గట్టిపడి పసుపు, గోధుమ రంగులకు మారే రకం శుక్లంలో నీలపు కాంతి లోనికి తక్కువగా వెళ్తుంది. ఈ మార్పు ఏళ్ళ తరబడి మెల్లగా సాగుతుంది కనుక మెదడు దానికి అలవాటు పడుతుంది. రెండు కళ్ళూ తెరిచి చూసే మనిషికి తేడా తెలియదు. అందుచేత నెలకొకసారి ఒక కన్ను మూసి మరొక కంటితో గోడ క్యాలెండరును చూడండి. ఖర్చులేని పరీక్ష.

ఈ రకం శుక్లంలో మరొక వింత ఉన్నది. గట్టిపడిన లెన్స్ శక్తి పెరిగి, కంటికి హ్రస్వదృష్టి వస్తుంది. దానితో అరవై దాటినవారు కొందరు చత్వారపు అద్దాలు లేకుండానే పేపరు చదవగలుగుతారు. "నాకు చూపు తిరిగి వచ్చింది" అని సంతోషిస్తారు. అది యౌవనం తిరిగి రావడం కాదు, శుక్లం ముదురుతున్న సూచన. అలాగే రాత్రివేళ ఎదురుగా వచ్చే వాహనాల దీపాలు చెదిరి మెరవడం, అద్దాల నంబరు తరచు మారడం కూడా గుర్తించదగినవి. "పొర బాగా పండిన తరువాతే ఆపరేషన్ చేయాలి" అన్నది పాతకాలపు మాట. మీ రోజువారీ పనికి చూపు చాలనప్పుడే చేయించుకోవచ్చును. మరీ ముదరబెడితే ఆపరేషనే కష్టమవుతుంది.

గడియారాల పనివాని అనుభవం

నాకు హ్రస్వదృష్టి చిన్నతనం నుంచీ ఉన్నది. దూరానికి మైనస్ అద్దాలు కావాలి. దగ్గరి పనికి మాత్రం అద్దాలు తీసివేస్తే చాలు, పుస్తకమైనా, సూదిబెజ్జమైనా స్పష్టంగా కనిపించేది. మైనస్ అద్దాలవారికి ప్రకృతి ఇచ్చిన చిన్న పరిహారం అది. ఆపరేషన్ తేదీ నిర్ణయించుకొనే ముందు ఆ పరిహారం విలువ నాకు ఒక పరిచయస్థుని వల్ల తెలిసింది.

ఆయన అబిడ్స్ సందులలో ఒక దానిలో దశాబ్దాలుగా గడియారాలు బాగుచేసేవాడు. ఆయనదీ మైనస్ చూపే. అద్దాలు నుదుటి మీదికి నెట్టి, వెంట్రుకవంటి స్ప్రింగును చిమటాతో సరిచేసేవాడు. శుక్లాలు ముదిరితే ఒక ఆసుపత్రిలో రెండు కళ్ళకూ ఆపరేషన్ చేయించుకున్నాడు. వైద్యపరంగా ఆపరేషన్ చక్కగా జరిగింది. లెన్స్ దూరదృష్టికి సరిపోయేలా అమర్చారు. జన్మలో మొదటిసారి అద్దాలు లేకుండా వీథి చివరి బోర్డు చదివాడు. కాని దుకాణంలో కూర్చొని స్ప్రింగు చేతికి తీసుకుంటే అది కనిపించలేదు. దగ్గరికి అద్దాలు వ్రాసి ఇచ్చారు. అవి పెట్టుకుంటే కనిపిస్తుంది. అయితే యాభై ఏళ్ళుగా ఉత్త కంటితో దూరం కొలిచిన చేతికి ఆ మార్పు కుదరలేదు. "సాబ్, దునియా సాఫ్ కనబడుతుంది, నా పనే కనబడుతలేదు" అన్నాడు నాతో. ఏడాదిలోపే దుకాణం కొడుకుకు అప్పగించాడు.

ఎవరినీ నిందించడానికి ఇది చెప్పడం లేదు. ఎక్కువమంది కోరేది దూరపు చూపే కనుక సాధారణంగా దానికే లెన్స్ అమరుస్తారు. ఆయన పని ఏమిటని ఎవరూ అడగలేదు, అడగకుండా చెప్పవచ్చునని ఆయనకు తెలియదు. రద్దీగా ఉండే ఆసుపత్రులలో నేనూ ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. ఆ రెండు నిమిషాల మాట ఎందుకు జారిపోతుందో నాకు తెలుసు.

నంబరు ఎంపిక

శుక్లపు ఆపరేషన్‌లో మసకబారిన లెన్స్‌ను తీసివేసి, దాని సంచిలోనే కృత్రిమమైన లెన్స్ అమరుస్తారు. ముందుగా కంటి పొడవు, నల్లగుడ్డు వంపు కొలిచి, ఏ శక్తి గల లెన్స్ కావాలో లెక్క కడతారు. సాధారణ రకం లెన్స్ ఒకే దూరానికి స్పష్టతనిస్తుంది. సహజమైన లెన్స్ వలె దగ్గరికీ దూరానికీ సర్దుకోదు. కాబట్టి ఆ ఒక్క దూరం ఏది కావాలన్నది ముందే నిర్ణయించుకోవాలి. దూరానికి సున్నా నంబరు వచ్చేలా అమరిస్తే, చదవడానికి అద్దాలు కావాలి. మైనస్ 2.5 డయాప్టర్లు మిగిలేలా అమరిస్తే, 40 సెంటీమీటర్ల దూరంలో అద్దాలు లేకుండా కనిపిస్తుంది, దూరానికి అద్దాలు కావాలి. ఒక కంటికి దూరం, మరొక కంటికి దగ్గర అమర్చే పద్ధతి కూడా ఉన్నది. కొందరికి అది బాగా నప్పుతుంది, కొందరికి లోతు అంచనా కొంత తగ్గుతుంది. ఒకటి కంటె ఎక్కువ దూరాలకు పనికివచ్చే మల్టీఫోకల్ లెన్సులున్నాయి. వాటితో దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చును, రంగుల స్పష్టత కొంత తగ్గవచ్చును, ఖర్చు కూడా ఎక్కువ.

నా డాక్టరు నాకంటె ముప్పై ఏళ్ళు చిన్నది. ఆమె వద్దకు సగం తయారైన కాక్‌పిట్‌ను అగ్గిపెట్టెలో పెట్టి తీసుకువెళ్ళాను. "అమ్మా, నా పని ఇది. ఇంత దూరంలో పెట్టుకొని చేస్తాను" అని చూపించాను. ఆమె టేపు తీసి నా కంటికి, చేతికి మధ్య దూరం కొలిచింది. "అంకుల్, దూరానికి అమర్చుకుంటే సినిమా, టీవీ, రోడ్డు అన్నీ అద్దాలు లేకుండా చూడవచ్చు. దగ్గరికి అమర్చుకుంటే ఆ సౌకర్యం వదులుకోవాలి. తరువాత మనసు మార్చుకోవడం తేలిక కాదు" అని హెచ్చరించింది. పట్టీ మొనను కుర్చీకి తాకించాలంటే రెండు కళ్ళూ కలిసి లోతు చూపాలి కనుక ఒక కంటికి ఒక విధంగా వద్దనుకున్నాను. రెండు కళ్ళకూ దగ్గరి చూపే కోరాను. ఇంటిలో నా శ్రీమతి, "రోడ్డు దాటేటప్పుడు అద్దాలు మరచిపోతే ఏం చేస్తారు?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. డెబ్బయి ఏళ్ళ వయస్సులో కిందపడి తుంటి ఎముక విరగడం బొమ్మ విమానం కంటె పెద్ద విషయం. అద్దాలు నాకు బాల్యం నుంచీ అలవాటే అని, గుమ్మం పక్క మేకుకు ఒక జత ఎప్పుడూ వ్రేలాడుతుందని ఆమెకు మాట ఇచ్చాను.

విమానపు అద్దం నుంచి వచ్చిన లెన్స్

ఈ కృత్రిమ లెన్స్ చరిత్ర ఆ కాక్‌పిట్ కప్పుతోనే ముడిపడి ఉన్నదని మీలో ఎంతమందికి తెలుసు? స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాల కప్పులు పెర్‌స్పెక్స్ అనే అక్రిలిక్ ప్లాస్టిక్‌తో చేసేవారు. 1940 ఆగస్టులో గోర్డన్ క్లీవర్ అనే హరికేన్ పైలట్ కప్పు గుండు దెబ్బకు పగిలి, ఆ ముక్కలు ఆయన కళ్ళలో దిగాయి. ఆయనకు, అటువంటి ఇతర క్షతగాత్రులకు చికిత్స చేసిన హెరాల్డ్ రిడ్లీ అనే లండన్ నేత్రవైద్యుడు ఒక విశేషం గమనించాడు. మామూలుగా కంటిలో పరాయివస్తువు పడితే వాపు, ఎరుపు వస్తాయి. ఈ ప్లాస్టిక్ ముక్కలు మాత్రం ఏళ్ళ తరబడి కంటిలో ఊరకనే పడి ఉన్నాయి. కన్ను వాటిని సహించింది. అయితే అదే పదార్థంతో లెన్స్ చేసి శుక్లం తీసిన చోట పెట్టవచ్చును గదా అని ఆయన ఆలోచించాడు.

1949 నవంబరు 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో 45 ఏళ్ళ స్త్రీకి ఆయన మొదటి లెన్స్ అమర్చాడు. లెన్స్ కంటిలో నిలిచింది. కాని దాని శక్తి లెక్కకు మించి, ఆమెకు చాలా హెచ్చు మైనస్ నంబరు వచ్చింది. అనగా ఈ చికిత్సలో మొదటి కేసు నుంచే నంబరు ఎంపిక అతి ముఖ్యమని తేలింది. కంటిలో పరాయివస్తువును పెట్టడమా అని ఆనాటి పెద్దలు చాలామంది రిడ్లీని దశాబ్దాలపాటు విమర్శించారు. ఆయన తన జీవితకాలంలోనే ఆ విజయం చూశాడు. వృద్ధాప్యంలో తన కళ్ళకూ అటువంటి లెన్సులే పెట్టించుకున్నాడు. 2000లో సర్ బిరుదు పొంది, మరుసటి సంవత్సరం కన్నుమూశాడు.

నేను ఉద్యోగంలో చేరిన రోజులలో మన నేత్రశిబిరాలలో శుక్లం తీసివేయడమే ఉండేది, లెన్స్ పెట్టడం లేదు. బదులుగా ప్లస్ 10 నంబరు సోడాబుడ్డి అద్దాలు ఇచ్చేవారు. వాటితో వస్తువులు నాలుగోవంతుకు పైగా పెద్దవిగా కనిపిస్తాయి, పక్కచూపు పోతుంది. చెంబు అందుకోబోయి గాలిని పట్టుకొనే వృద్ధులను ఎందరినో చూశాను. అద్దాలు పగిలితే వారికి మళ్ళీ అంధత్వమే. నేడు ప్రభుత్వ ఆసుపత్రులలోనే లెన్స్ అమరుస్తున్నారు. మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి వంటివి సామాన్యులకు అందుబాటులో ఉన్నాయి. ఒక విధంగా చూస్తే పుట్టుకతో వచ్చిన భాగం చెడిపోయినప్పుడు బయట తయారైన భాగం తెచ్చి బిగించడమే ఇది. నా బల్ల మీద చేసే పనికీ దానికీ పెద్ద తేడా లేదు.

నాకు మొదట కుడికన్ను, కొన్ని వారాల తరువాత ఎడమకన్ను చేశారు. మధ్యకాలంలో డాక్టరు అనుమతించేంత వరకు బల్ల దగ్గరికి పోలేదు. ధూళి, ద్రావకాల ఆవిరి ఆ సమయంలో కంటికి తగలరాదు. ఇప్పుడు 40 సెంటీమీటర్ల దూరంలో ఇత్తడి పట్టీ మీది బకిల్ రంధ్రం కనిపిస్తున్నది. అంతకంటె సూక్ష్మమైన పనికి నుదుటికి కట్టుకొనే భూతద్దం వాడతాను. అద్దాలు తీస్తే నాంపల్లి స్టేషన్ ముందు ఏ నంబరు బస్సు వచ్చిందో తెలియదు. స్కై రంగు స్కై రంగుగా ఉన్నది. నేను పొందినది ఇది, వదులుకున్నది అది. ఈ ఎంపికే మీకూ సరిపోతుందని నేను చెప్పను. వాహనం నడిపి జీవించేవారికి, పొలం పనివారికి దూరపు చూపే మేలు. ఎంపిక తెలిసి చేసుకోవాలన్నదే నా మనవి.

ఆపరేషన్‌కు ముందు డాక్టరుకు చెప్పవలసినవి

1. మీ పని ఏమిటో, దానిని ఎంత దూరంలో పెట్టుకొని చేస్తారో చెప్పండి. స్వర్ణకారులు, దర్జీలు, మగ్గంపనివారు, గడియారాల పనివారు, బాగా చదివేవారు, వాయిద్యం ముందు స్వరలిపి చూసేవారు తప్పక చెప్పాలి. వీలైతే పనిముట్టును వెంట తీసుకువెళ్ళండి.

2. ఇంతవరకు అద్దాలు తీసి దగ్గరిది చదివే అలవాటు ఉంటే ఆ సంగతి ప్రత్యేకంగా చెప్పండి. పాత అద్దాల చీటీలు చూపండి.

3. ప్రోస్టేట్ వాపుకు టామ్సులోసిన్ వంటి మాత్ర వాడుతున్నా, పూర్వం వాడినా చెప్పండి. ఆపరేషన్ సమయంలో కంటిపాప సరిగా విప్పారక ఇబ్బంది కలుగుతుంది. ముందే తెలిస్తే డాక్టరు తగిన జాగ్రత్త తీసుకుంటారు. మీ అంతట మీరు మాత్ర మానవద్దు.

4. మధుమేహం ఉంటే రెటీనా పరీక్ష కూడా చేయించుకోండి. రెటీనా దెబ్బతిని ఉంటే లెన్స్ మార్చినా ఆశించిన చూపు రాదు.

5. ఆపరేషన్ తరువాత నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు హఠాత్తుగా తగ్గినా, మెరుపులు, నల్లని చుక్కలు కొత్తగా కనిపించినా, తెర దించినట్టు అనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. మైనస్ నంబరు ఎక్కువగా ఉన్నవారికి రెటీనా ఊడే ప్రమాదం ఇతరులకంటె ఎక్కువ.

6. నెలలు, ఏళ్ళ తరువాత చూపు మళ్ళీ మసకబారితే శుక్లం తిరిగి వచ్చిందని భయపడకండి. లెన్స్ వెనుక పొర మందగించి ఉండవచ్చును. లేజరుతో కొద్ది నిమిషాలలో సరిచేస్తారు.

సూక్ష్మమైన పని చేసేవారికి కొన్ని జాగ్రత్తలు

ఇంటిలో పిల్లలతో ఇటువంటి పని చేయించే తాతయ్యలు ఇవి గుర్తుంచుకోవాలి. ఇత్తడి భాగాన్ని కత్తిరించేటప్పుడు అది ఎగిరి కంటిలో పడవచ్చును. దాని మీద టేపు అంటించి కత్తిరించండి, రక్షక అద్దాలు ధరించండి. కంటిలో ముక్క పడితే నలపవద్దు, ఆసుపత్రికి వెళ్ళండి. రెజిన్‌ను పొడిగా రుద్దితే లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. వాటర్ పేపరును తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి. ప్లాస్టిక్ జిగురు, రంగుల థిన్నరు ఆవిరి తలనొప్పి, తలతిరుగుడు కలిగిస్తుంది. కిటికీలు తెరిచి, దగ్గరలో మంట లేకుండా పనిచేయండి.

ఫెవిక్విక్ వంటి జిగురుతో వేళ్ళు అంటుకుంటే గోరువెచ్చని సబ్బునీటిలో నానబెట్టి మెల్లగా విడదీయండి. కనురెప్పలు అంటుకుంటే బలవంతంగా లాగవద్దు, ఎసిటోన్ దగ్గరికి తీసుకురావద్దు. గోరువెచ్చని నీటితో కడిగి నేత్రవైద్యుని వద్దకు వెళ్ళండి. వాడిన బ్లేడును మూతగల డబ్బాలో వేయండి. ధనుర్వాతపు టీకా ఎప్పుడు తీసుకున్నారో చూసుకోండి. ఇరవై నిమిషాలకొకసారి తల ఎత్తి దూరంగా చూడండి, మెడ తిప్పండి.

వృద్ధాప్యంలో చేతికి పని, కంటికి లక్ష్యం ఉండడం మంచిది. అది నమూనా విమానమే కానక్కరలేదు. అల్లిక కావచ్చు, కుట్టుపని కావచ్చు, పాత రేడియో బాగుచేయడం కావచ్చు. అరవై దాటిన ప్రతివారూ ఏడాదికొకసారి కళ్ళ పరీక్ష చేయించుకోవాలి. మీ ఇంటిలోని పెద్దలకు శుక్లాల ఆపరేషన్ నిశ్చయమైతే, వారు రోజంతా దేనిని చూస్తూ గడుపుతారో ముందు అడిగి తెలుసుకోండి. ఆ మాట డాక్టరు చెవిన వేసే బాధ్యత మీది.

సర్వే జనాః సుఖినో భవంతు.